కౌసల్య అలక

“బిడ్డా, కౌసల్యా!” లింగం మూడోసారి పిలిచాడు. గడపలో కూర్చుని ఇటుకముక్కలు పేర్చుకుంటున్న ఆరేళ్ల పిల్ల తల తిప్పలేదు. దగ్గరకెళ్లి భుజం తడితే ఉలిక్కిపడి చూసి, మళ్లీ ఆటలో పడింది.

“నీ బిడ్డె గదా, పంతం ఏడికి వోతది? నాతోటి గూడ గిట్లనే ఉంటున్నది. జెర ఓపిక వట్టు,” అంది భార్య మొగులమ్మ.

ఓపిక పట్టక లింగం చేసేదేముంది? తప్పు తనదే. రెండు నెలల కింద, షిఫ్టుకు ఆలస్యమవుతోందని హడావుడిగా అన్నం వారుస్తూ, వెనకాల పిల్ల ఉన్నది చూసుకోలేదు. కాగే గంజి దాని వీపు మీదా కాళ్ల మీదా పడింది. ఆస్పత్రిలో పూసిన మందుకు పుండ్లు మానకపోగా చీము పట్టాయి. పిల్ల దక్కేది కష్టమన్నారు.

అప్పుడే లింగం దొంగయ్యాడు. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో అతని పని రెసిన్ స్తంభాల దగ్గర. సూక్ష్మజీవులను పెంచిన రసం వాటి గుండా దిగుతుంటే, ఆవగింజలంతటి రెసిన్ పూసలు అందులోని మందును పట్టుకుంటాయి. అమ్మోనియా నీళ్లతో కడిగితే వదిలేస్తాయి. ఆ అమ్మోనియా ఘాటు కూడా పోగొట్టాక చివరి ట్యాంకులో మిగిలేదే చీముపుండ్లకు వాడే మందు. రోజూ ఓ సీసాడు పట్టి, సద్దిగిన్నెలో దాచి గేటు దాటించాడు. రెండు పూటలా పుండ్లన్నీ తడిసేలా పోశాడు. నెల తిరిగేసరికి చీము ఆగింది, కొత్త తోలు పట్టింది. తను తీసిన మందే తన బిడ్డను బతికించిందని లింగం పొంగిపోయాడు.

పుండ్లయితే మానాయి గానీ పిల్ల కోపం తగ్గలేదు. పిలిస్తే పలకదు, నోరు తెరిస్తే అరుపే. మొన్న సంతలో పీక కొనిచ్చాడు. రెండుసార్లు ఊది విసిరికొట్టింది.

ఇక ఉండబట్టలేక, టీ వేళ కెమిస్టు బాపిరాజును పక్కకు పిలిచి, దొంగతనంతో సహా అంతా చెప్పేశాడు.

“నౌకరిల కెల్లి తీసేసినా మంచిదే సార్. నేను పిలిస్తె బిడ్డ ఒక్కపారి పలికితె సాలు.”

బాపిరాజు తిట్టలేదు. “పచ్చిపుండ్ల మీద ఎన్నాళ్లు పోశావు?” అని మాత్రం అడిగాడు.

“నలభై దినాలు సార్.”

బాపిరాజు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ మందు పచ్చిపుండ్లలోంచి నెత్తుట్లోకి దిగుతుందనీ, అది పాడుచేసినదాన్ని ఏ డాక్టరూ బాగుచేయలేడనీ నెమ్మదిగా చెప్పాడు. లింగానికి తలకెక్కలేదు. పిల్ల ఒళ్లు బాగానే ఉందనీ, తన మీద కోపమొక్కటి పోతే చాలనీ మళ్లీ అదే చెప్పాడు.

“నీ బిడ్డ అలగలేదయ్యా, దాని చెవులు పోయాయి.”