సేపా, సాబే

చర్చి తలుపు మీద అంటించిన ప్రకటనలో ఎవరో ఒక మాట పెన్సిల్‌తో కొట్టేసి, పైన ఇంకోటి రాస్తున్నారు.

ఎదురింటి కిటికీలోంచి ఒబ్దూలియా టీచరమ్మ చూసింది. బడిలో స్పానిష్ చెబుతుంది. పెళ్ళిపత్రికలో తప్పులు ఎర్రసిరాతో దిద్ది, కానుకతో కలిపి తిరిగిచ్చే మనిషి. గబగబా వచ్చింది.

"ఆర్గన్ బాగుచేయడం తెలిసిన మనిషి కావాలి." ఈ ఒక్క వాక్యం రాయడానికి పండగ కమిటీ మూడుసార్లు కూర్చుని నాలుగు కూజాల వేడి చాక్లెట్ తాగింది. చర్చిలో నలభై ఏళ్ళుగా పలకని ఆ ఆర్గన్ వాద్యం ఆదివారానికి మోగకపోతే, దాన్ని మెక్సికో నగరంలోని మ్యూజియానికి పంపించేస్తానన్నారు బిషప్పుగారు.

"ఏయ్ తాతా! ఏంటా రాతలు?"

కొండ దిగొచ్చిన ముసలాయన టోపీ తీశాడు.

"తెలిసిన అనడానికి 'సేపా' అని రాశారమ్మా. 'సాబే' చేశాను."

"సాబే అంటే, తెలిసినవాడు ఫలానా ఒకడున్నాడు, అతనే కావాలి అని. సేపా అంటే, ఉన్నాడో లేడో తెలీదు, ఉంటే రమ్మని. ముప్ఫై ఏళ్ళుగా నోరు నొప్పెట్టేలా చెబుతున్నా!"

"ఉన్నాడు టీచరమ్మా."

"ఉన్నాడు అనకూడదు. ఉంటే అనాలి."

"కానీ ఉన్నాడు కదమ్మా..."

"ఉంటే!"

ముసలాయన పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"సరే, ఉంటే. మూడింటికి బస్సు. అందాకా లోపల కూర్చోనా?"

"కూర్చో. దేనిమీదా ఏమీ రాయకు."

ఆవిడ ఎర్రపెన్నుతో సాబే కొట్టేసి, సేపా అని దిద్దింది.

మూడింటికి ముసలాయన జారిపోతున్న ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని బస్సు వెంట పరిగెత్తాడు.

"వ్యాకరణమూ లేదు, బెల్టూ లేదు" అంది టీచరమ్మ. చర్చి ఊడ్చే క్రిస్పిన్ పగలబడి నవ్వాడు.

సాయంత్రం ఆ క్రిస్పినే రొప్పుతూ వచ్చాడు.

"టీచరమ్మా, ఆర్గన్ తిత్తిలో గాలి నిలుస్తోంది! నేను తాడు లాగుతా, మీరు మెట్లు నొక్కండి."

మొదటి మెట్టు పలకలేదు. రెండోదీ అంతే.

మూడోది నొక్కింది.

ముందు బెంచీలు వణికాయి. తర్వాత కిటికీ అద్దాలు. అది చప్పుడని ఆ తర్వాతే తెలిసింది. వీధిలో తమాలేలనే మొక్కజొన్న పిండివంట అమ్మే ఆవిడ కేక సగంలో ఆపి, గంప దించి, మోకరిల్లింది. కుక్కలు మొరగడం మానేశాయి. టీచరమ్మ వేలు తీయలేకపోయింది. ఆవిడ పుట్టి పెరిగిన ఊరే ఆ ఒక్క స్వరం కింద కొత్తగా నిలబడింది.

మిగతా మెట్లేవీ పలకలేదు. మూడింటికే బస్సు కదా.

క్రిస్పిన్ దీపం పట్టుకుని తిత్తి చూపించాడు. చిరుగు మీద బిగించి కొట్టిన బెల్టు ముక్క.

"ఆయన పేరేంటి టీచరమ్మా?"

"అడగలేదు."

"ఏ ఊరు?"

"అడగలేదు. మళ్ళీ బస్సెప్పుడు?"

"సోమవారం. ఆదివారం దాటాక."

ఆవిడ తలుపు దగ్గరికెళ్ళి, తను దిద్దినదాన్ని తనే కొట్టేసి 'సాబే' అని రాసింది. రాస్తుంటే అర్థమైంది, పొద్దున ఆ ముసలాయన చేసింది తప్పు దిద్దడం కాదు, పనికి దరఖాస్తు.