గుమ్మానికి చీపురు

"మీ సముద్రపొడ్డు వాళ్ళు ఎర్ర వైను పక్కన కూడా చేపే పెడతారటగా?" అంది హెడ్విగ్, తలకి గుడ్డ కట్టుకుంటూ.

కోడలు వీబ్కె పిండి మడతల్లో మాంసమూ పాలకూరా కూరుతోంది. మౌల్‌టాషె అంటారు వాటిని. తమ తోటలో పండే త్రోలింగర్ ద్రాక్ష ఎర్ర వైనుకి అంతకన్నా మంచి జోడు లేదని అత్తగారి తీర్పు.

"ఇవాళ రుచి కుదిరిందా, వచ్చేవారం చీపురు కట్టాక వంటిల్లు నీది. కుదరలేదా, గ్లాసులు కడుగుదువుగాని. నే తోటకెళ్ళొస్తా."

"చారులో ఉప్పు చూసి వెళ్ళండత్తయ్యా."

"రాత్రికి చూస్తాలే." గరిటె వంక చూడనైనా చూడకుండా వెళ్ళిపోయింది.

కాసేపటికి ముందుగదిలో బల్లలు కిర్రుమన్నాయి. వీబ్కె తొంగి చూస్తే ఇంకేముంది, పక్క తోట యూగెనూ అతని ఇద్దరు నేస్తాలూ టోపీలు తీసి దర్జాగా కూచున్నారు.

"మూడు గ్లాసులు త్రోలింగర్ పొయ్యమ్మా. తినడానికేముంది?"

"ఇంకా తెరవలేదండీ. వచ్చేవారం."

"మరి గుమ్మానికి చీపురు వేలాడుతోందే?"

వీబ్కె నాలిక్కరుచుకుంది. ఆ లోయలో ద్రాక్షతోట ఉన్నవాళ్ళు గుమ్మానికి చీపురు కట్టారంటే సొంత వైనూ ఇంటి వంటా అమ్మకానికి ఉన్నట్టే. పొద్దున మెట్లు ఊడ్చి చీపురు గోడకానించి మరిచిపోయింది కాబోలు.

"చీపురు చూసి వచ్చినవాణ్ణి పొమ్మంటే మళ్ళీ ఈ గడప ఎవరు తొక్కుతారు?" అన్నాడు యూగెన్, కాళ్ళు బారజాపుతూ.

ఏం చేస్తుంది పాపం. వైను పోసింది. చారులో వేడివేడి మౌల్‌టాషె వేసి, పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయలు చల్లి తెచ్చింది. తిన్నారు. మళ్ళీ వడ్డించమన్నారు. కుండ అడుగంటింది.

యూగెన్ రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుంటూ, "పోయినేడు మీ అత్త వంట తిని రాత్రంతా నీళ్ళు తాగాం. సముద్రం నించి వచ్చింది నువ్వు, ఉప్పు పోసింది ఆవిడ," అన్నాడు.

వాళ్ళు అటు వెళ్ళారో లేదో హెడ్విగ్ పెరటి గుమ్మంలోంచి వచ్చింది. వీబ్కె ఖాళీ కుండ పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడింది.

"చీపురు బయట మరిచిపోయానత్తయ్యా. యూగెన్ వాళ్ళొచ్చి అంతా తినేశారు. మీకు ఒక్కటీ మిగల్లేదు."

"మళ్ళీ అడిగి తిన్నారా?"

"రెండోసారీ అడిగారు."

"ఉప్పు గురించేమైనా అన్నాడా యూగెన్?"

వీబ్కె నేల చూపులు చూసింది. "నా వంటలో సరిపోయిందన్నారు."

హెడ్విగ్ తలగుడ్డ విప్పింది. మేకుకున్న వంట ఏప్రను తీసి కోడలి మెళ్ళో వేసి, వెనక ముడి కూడా తనే బిగించింది.

"ఇవాళ్టినించి వంటిల్లు నీది."

"మీరు రుచైనా చూడలేదు కదత్తయ్యా?"

ముసలావిడ వీధిగుమ్మం తీసి, పైన మేకుకి వేలాడుతున్న చీపురు దింపి, తలుపు గడియ పెట్టి వచ్చింది.

"గోడకానించిన చీపురు తనంతట తనే మేకెక్కుతుందిటే, పిచ్చిదానా?" అంది గొంతు తగ్గించి. "నా నాలుకకి ఉప్పూ తీపీ తెలియక రెండేళ్ళయింది."