ఎత్తు తగ్గించిన కారు

"ఏంది పెద్దాయనా, కారా ఇది, పాకే పసిబిడ్డా? కడుపు నేలకు రాసుకుంటా ఉండాది!"

మార్కాపురంలో కంభం రోడ్డు మీద తన షెడ్డు ముందు ఆగిన పాత కారును చూసి మెకానిక్ సుభాని అన్న మొదటి మాట అది.

దిగిన మనిషికి అరవై ఏళ్లుంటాయి. నెరిసిన గడ్డం. నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు.

"ఎత్తు తగ్గాలని కమాను పట్టీలు కొన్ని తీయించినా నాయనా. అప్పట్నుంచి బండి ఎడంపక్కకు లాగతా ఉంది. అలైన్‌మెంటు చూస్తావని వచ్చినా."

"బంగారంలాంటి పట్టీలు ఎందుకు తీయించినావు? షోకా?"

"ఒక పెద్దామె ఎత్తుగా ఉందనింది."

సుభాని పగలబడి నవ్వాడు. వెనక అద్దాలకు తెల్లగుడ్డ తెరలు కూడా కట్టి ఉన్నాయి. ఏ దొరల ఇంటి ఆడవాళ్లకో అంత సుకుమారం కాబోలు అనుకున్నాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తరోజులవి. మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లా. గిద్దలూరు దాటి నల్లమల కొండల ఘాటురోడ్డు ఎక్కి దిగితేగానీ కర్నూలు రాదు. అటునుంచి వచ్చే ప్రతి డ్రైవర్నీ సుభాని ఒకే మాట అడిగేవాడు.

"పోయిన వానాకాలం కర్నూలు పెద్దాసుపత్రి నుంచి మా తమ్ముణ్ణి తెచ్చిన మనిషి ఎవరో తెలుసా? ఎత్తైన కారంట."

తమ్ముడు మహబూబ్ బాషా ఆసుపత్రిలో కన్నుమూసినప్పుడు సుభాని సామాను కొనడానికి బెజవాడ పోయి ఉన్నాడు. శవమనేసరికి ఏ బస్సూ ఎక్కించుకోలేదు, ఏ టాక్సీ ఆగలేదు. తల్లి బాషాబీ గేటు దగ్గర కూలబడి ఏడుస్తుంటే ఎవరో ఒకాయన తన కారులో ఇంటిదాకా తెచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆయన పుణ్యమా అని మట్టి చేసేముందు సుభాని తమ్ముడి మొహం చూసుకోగలిగాడు.

ఆయనెలా ఉంటాడని అడిగితే బాషాబీ "పెద్దమనిషి, ఎత్తు కారు" అనేది. అంతే. దారంతా కొడుకు మొహం తప్ప ఆమె ఇంకేం చూసింది గనక?

ఆ మనిషి కాళ్లు ఒక్కసారి పట్టుకోవాలి. సుభానికి లోకంలో అంతకుమించిన కోరిక లేదు.

ముందు చక్రాల పక్కన దారం లాగి కట్టి, ముందూ వెనకా కొలిచి చూశాడు. చక్రాలు రెండూ ముందువైపు బయటికి విచ్చుకుని ఉన్నాయి.

"ఇట్లనే ఘాటెక్కితే మలుపులో బండి నీ మాట వినదు పెద్దాయనా."

"అందుకే వచ్చినా. పొద్దుగూకేలోపు కర్నూల్లో ఉండాల. నాకోసం చూస్తా ఉంటారు."

కర్నూలు అనగానే ఆ ప్రశ్న సుభాని నాలుక చివరికి వచ్చింది. అడగబోయి, పాపం ఎండన పడి వచ్చాడు కదా అని ముందు కుండలో నీళ్లు గ్లాసుతో ముంచి ఇవ్వబోయాడు.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"గ్లాసు వద్దు నాయనా. దోసిట్లో పొయ్యి."

షెడ్డు బయటికి పోయి, వంగి దోసిలి పట్టాడు.

సుభానికి అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఒళ్లంతా భగ్గుమంది.

"మా గ్లాసు ముట్టుకుంటే నీ కులం పోతాదా?"

"అది గాదు నాయనా..."

"ఇంకేంది మరి?"

ఆయన తెరలు కట్టిన అద్దాల వైపు ఒకసారి చూశాడు.

"చెప్పలేవు గదా! నా గ్లాసు పనికిరాదుగానీ, నా చెయ్యి పనికొస్తాదా నీ బండికి? పో, పో! మీ కులపోడి దగ్గరే చేయించుకో."

దారం విప్పి, ఉండచుట్టి, మేకుకు తగిలించేశాడు.

ఆయన నీళ్లు కూడా తాగకుండా కారెక్కాడు. బండి ఎడమకు లాగుతుంటే కుడికి తిప్పుకుంటూ గిద్దలూరు దారి పట్టాడు.

మధ్యాహ్నం బాషాబీ అన్నం తెచ్చింది. సుభాని కోపం ఇంకా చల్లారలేదు.

"చూడమ్మీ, ఎట్లాంటోళ్లు ఉంటారో! నా గ్లాసు ముట్టడంట. దోసిట్లో పొయ్యాలంట!"

ఆమె అన్నం పెట్టడం ఆపి కొడుకు వైపు తిరిగింది.

"మన మహబూబ్‌ను తెచ్చినాయన గూడా అట్లనే తాగినాడు రా, ఇప్పుడు గుర్తొచ్చింది. 'శవాలెత్తే చేతులు తల్లీ, పిల్లలు తాగే గ్లాసు ముట్టకూడదు' అన్నాడు. శవాలు మోసే బండని చెప్తే బాగుచేసేవాళ్లు గూడా దగ్గరికి రారంట."

సుభాని ఒక్క ఉదుటున రోడ్డు మీదికి ఉరికాడు. కారు లేపిన దుమ్ము ఎప్పుడో అణిగిపోయింది.

"ఆయన గాదులే అమ్మీ," అన్నాడు తిరిగొచ్చి, తనకు తానే చెప్పుకుంటున్నట్లు. "ఆయనది ఎత్తు కారు గదా. ఇది నేలబారు బండి. ఎవరో పెద్దామె ఎత్తుగా ఉందనిందని పట్టీలు తీయించినాడంట. ఆయన గానే గాదు."

బాషాబీ కళ్లు గిద్దలూరు దారి మీదే ఉన్నాయి.

"ఆ పొద్దు మీ తమ్ముణ్ణి దించుకుందామంటే నా చేతులకు అందలేదు రా," అంది. "'ఇంకో తల్లికి ఇట్ల గాకుండా, కారు కొంచెం కిందికుంటే బాగుండు నాయనా' అని ఆయనతో నేనే అన్నా."