ఎవరిదీ కాని చోటు

నా భార్య సూర్యకళ పోయాక, ఆమె పెంచిన ముసలి మగ గినీపిగ్ గడ్డి ముట్టడం మానేసింది. తోడుంటే తింటుందని మా బావమరిది బాబ్జి కుర్ర మగవి రెండు తెచ్చాడు. అనకాపల్లిలో దొరక్క విశాఖ వెళ్లి కొన్నాడు. బోనులో వదలగానే ముసలిది పళ్లు పటపటలాడించి వాటి మీద పడింది.

బాబ్జి విడదీశాడు.

"బోను ఆడిది గదా బావా! కొత్త అల్లుళ్లొచ్చేరని లేసి సోటిత్తాడేటి? ఆడు తిరగని సోట కలపాలంట, నెట్ సెంటర్లో సదివేను. ఇంట్లో ఎవుడిదీ కాని సోటేదైనా ఉందా?"

ఒక్కటే ఉంది. సూర్యకళకు ఆయాసం ఎక్కువయ్యాక, డాక్టరు వద్దనడంతో ఈ గినీపిగ్‌ని ఆమె గదిలోకి రానివ్వలేదు. ఆమె పోయాక నేనూ ఆ తలుపు తీయలేదు.

ఇప్పుడు తీశాను. మూడింటినీ నేల మీద వదిలాం.

ముసలిది కొత్తవాటిని చూడనైనా లేదు. మంచం కిందంతా వాసన చూసింది. మునుపు ఆమె గాజుల చప్పుడు వినగానే ఎలా అరిచేదో అలా అరిచింది. చాలాసేపు అరిచి, గోడవార పడుకుంది. కుర్రవి రెండూ వెళ్లి దాన్ని ఆనుకున్నాయి. అది వాటిని తరమలేదు, పక్కకు జరగనూ లేదు.

"కలిసిపోయేరు బావా!" అన్నాడు బాబ్జి సంబరంగా.

అవునన్నాను.

తలుపు మూసి ఉన్నన్నాళ్లూ ఆమె లోపలే ఉందనుకున్నాం, అదీ నేనూ.