నీళ్లు నల్లచేయడానికి వచ్చినవాళ్లు

ముసలిదైపోయిన నీటికాకి కాటుకమ్మకు చిన్ననాటి చెరువు తరచూ గుర్తొస్తుంది. అప్పటికామెకు కొత్తగా రెక్కలొచ్చాయి. నీళ్లలో దిగబోతుంటే తెల్లకొంగ అడ్డొచ్చి, "నీలాంటి నల్లవాళ్లు దిగితే నీళ్లు నల్లబడతాయి, పో" అంది. కాటుకమ్మ గట్టున కూర్చుని ఏడ్చింది.

అక్కడే పడుకున్న గేదె తాపీగా అడిగింది. "నేను రోజూ ఇందులోనే మునుగుతాను కదా కొంగమ్మా. ఆ నీళ్లే తాగుతూ నువ్వింకా తెల్లగా ఎలా ఉన్నావు?"

కప్పలు పడీపడీ నవ్వి, ఆ మాటను చెరువు నుంచి చెరువుకు చేరవేశాయి. మర్నాడు పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల కాకులూ కోయిలలూ గుంపుగా వచ్చి వాలాయి.

"నీళ్లు నల్లచేయడానికి వచ్చాం. ఎటువైపు నుంచి మొదలెట్టమంటావు కొంగమ్మా?"

కొంగ పక్కకు జరిగింది. దాని మనసు మారిందో లేదో కాటుకమ్మకు ఈనాటికీ తెలియదు. ఆ పొద్దున అంతమంది నవ్వుల మధ్య వేసిన తొలి మునక చల్లదనం మాత్రం ఇంకా ఒంటిని వదల్లేదు.