మొదటి లిఫ్టు పాసు

“చిన్న వాలుకే ఇవ్వండి. తాడు పట్టుకుని పైకి వెళ్ళేది ఉంటుందే, అది,” అంది సైకల్, టికెట్ల కిటికీలోకి తల దూర్చినంత పని చేసి.

“అది బుడ్డోళ్ళది వదినా,” ఎల్దియార్ వెనకనుంచి ఆమె కోటు లాగాడు. “ఐదేళ్ళ పిల్లలు ఆడుతున్నారక్కడ. నాకు పన్నెండు.”

“ఐదేళ్ళ వాళ్ళు పడితే లేస్తారు. పన్నెండేళ్ళ వాళ్ళు పడితే మా దగ్గరికొస్తారు.”

సైకల్ బిష్కెక్‌లో ఒక ఆస్పత్రిలో, ఎముకల వార్డులో నర్సు. చలికాలం వచ్చిందంటే పొద్దస్తమానం పిండికట్లు వెయ్యడమే పని. స్నోబోర్డు అన్న మాట వింటే అందరికీ మంచుకొండ కనబడుతుంది, ఆమెకు విరిగిన మణికట్టు కనబడుతుంది. అయినా కరాకోల్ కొండకు ఈ నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నది ఆమే. సెలవుల్లో ఏం కావాలిరా అని ఫోనులో అడిగితే ఎల్దియార్ ఇదే కావాలన్నాడు. సరేనంది. ఆ తరవాత కంటిమీద కునుకు లేదు. తన ఇద్దరు కూతుళ్ళనూ భర్తకు అప్పజెప్పి, నరీన్ వైపు పల్లెలో ఉండే అత్తగారినీ ఎల్దియార్‌నూ వెంటబెట్టుకుని ఎలాగో వచ్చి పడింది.

“మూడు రకాలున్నాయమ్మా,” అంది కిటికీ లోపలి మనిషి. “తాడు వాలు ఒకటి. మొదటి కుర్చీ లిఫ్టు ఒకటి, అక్కడ వాలు వెడల్పుగా ఉంటుంది, కొత్తవాళ్ళకి బాగానే ఉంటుంది. మూడోది కొండంతా. త్వరగా చెప్పండి, వెనక జనం ఉన్నారు.”

“కొండంతా,” అన్నాడు ఎల్దియార్.

“తాడు,” అంది సైకల్.

బల్లమీద కూర్చుని చేతిసంచిలోంచి బోర్సోక్‌లు, నూనెలో వేయించిన పిండిముక్కలు, తీసి నములుతున్న అత్తగారు బురుల్ లేచి వచ్చింది. “ఎందుకే అంత కంగారు? నాలుగేళ్ళకే గుర్రమెక్కిన పిల్లాడు వాడు.”

“గుర్రానికి కళ్ళుంటాయి అత్తయ్యా. ఈ చెక్కకి లేవు.”

వరసలో ఎవరో నవ్వారు. కిటికీ మనిషి కూడా నవ్వింది. “మరిదికా ఇంత హడావుడి? మా వదినైతే నన్ను కొండమీంచి తోసేసేది.”

“అమ్మా, నువ్వు చెప్పు,” ఎల్దియార్ బురుల్ చెయ్యి పట్టుకున్నాడు. “నీకు లేని భయం వదినకెందుకు? వదినా, ఆ భయమేదో ఇంటికెళ్ళి నీ కూతుళ్ళమీద చూపించుకో.”

వాడు నవ్వుతూనే అన్నాడు. సైకల్ కూడా నవ్వింది. వాడి జాకెట్టు జిప్పు పైకి లాగబోయిన చెయ్యి మాత్రం జేబులోకి పోయింది.

“లిఫ్టు పాసు కావాలంటే పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. తాడుకైతే అక్కర్లేదు,” కిటికీ మనిషి ఒక కాగితమూ పెన్నూ బయటికి తోసింది. “తల్లి ఎవరు?”

“ఆవిడ,” అంది సైకల్ వెంటనే.

బురుల్ పెన్ను అందుకుంది. ఎల్దియార్ బూట్లతోనే రెండు గెంతులు గెంతాడు. వాడి విషయంలో మాట బురుల్‌దే. ఏ బడిలో వెయ్యాలి, ఏ గుర్రం ఇవ్వాలి, జ్వరమొస్తే ఎవరికి చూపించాలి, అన్నీ ఆవిడే. సైకల్ ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయే మనిషి. ఇప్పుడు ఆవిడ ఒక్క గీత గీస్తే పిల్లవాడు ఆ మంచులోకి వెళ్ళిపోతాడు. వద్దు అనడానికి తనెవరు?

“కొండంతా అని రాసెయ్ అమ్మా.”

బురుల్ రాయలేదు. కోడలి మొహంలోకి చూసింది.

“ఏమిటే, సున్నం కొట్టినట్టు తెల్లబడ్డావు?”

“ఏం లేదత్తయ్యా. మీ ఇష్టం.”

“పన్నెండేళ్ళుగా అదే మాట. మీ ఇష్టం, మీ ఇష్టం.” బురుల్ పెన్ను తీసి కోడలి చేతిలో పెట్టింది. “ఇవాళ నువ్వు చెప్పు. తాడంటే తాడే. వాడు ఏడిస్తే ఏడవనీ.”

“అయిపోయింది,” అన్నాడు ఎల్దియార్. “నన్ను దూదిలో చుట్టి ఇంటికి పంపిస్తుంది.”

సైకల్ పైకి చూసింది. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కొండెక్కిపోతున్నాయి. వాటిల్లోంచి కాళ్ళు వేలాడుతున్నాయి. పదకొండు కుర్చీలు లెక్కపెట్టింది. ఎవరూ పడలేదు, కానీ పన్నెండోదాని సంగతి ఎవరికి తెలుసు? తాడు అంటే చాలు, కాగితం అక్కర్లేదు, భయమూ అక్కర్లేదు. వాడు నాలుగు రోజులు మూతి ముడుచుకుని, ఏ దెబ్బా లేకుండా ఊరికి పోతాడు. అదే చాలనుకుంది. అంతలో వాడివైపు చూసింది. వాడూ కుర్చీలనే చూస్తున్నాడు, నోరు తెరుచుకుని.

“మొదటి లిఫ్టు,” అంది. “రెండు పాసులు.”

“రెండోది ఎవరికి?”

“నాకే. వాడి పక్కన కూర్చుంటాను. వాడు జారుకుంటూ దిగుతాడు, నేను కుర్చీలోనే దిగొస్తాను.”

“నీకు మేడమెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతాయి కదా,” అన్నాడు ఎల్దియార్.

“తిరగనీ. నువ్వు మాత్రం ముందున్న కడ్డీ వదలకు.”

“నేనెందుకు వదుల్తాను? నువ్వే నన్ను వదలవు, చూడు.” వాడు స్నోబోర్డు చంకలో ఇరికించుకుని అప్పుడే లిఫ్టు వైపు పరుగెత్తాడు.

“మరి సంతకం?” అంది కిటికీ మనిషి.

సైకల్ కాగితాన్ని అత్తగారి వైపు జరపబోయింది. బురుల్ దానిమీద తన ముడతల చెయ్యి ఆనించి, కోడలి ముందే ఆపింది.

“తల్లి సంతకం అడుగుతున్నారత్తయ్యా,” సైకల్ గొంతు తగ్గించింది.

“విన్నాను. పెట్టు.”

సైకల్ కాగితంమీదికి వంగింది. పేరులోని అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అయినా పెట్టింది.

తొలిచూలు బిడ్డగా వాణ్ణి కని, ఆచారం ప్రకారం పెంచుకోమని అత్తగారి ఒళ్ళో పెట్టింది ఆమే.