కుట్టుకి వదిలిన అరంగుళం

"దీనికి తలుపులు కావాలి నాన్నా. ఎనిమిదింటికీ."

అరల స్టాండు అవతల నుంచి పిల్ల అన్న ఆ మాటకి, ఇవతల మిషను తొక్కుతున్న టైలరమ్మ కాలు టక్కున ఆగిపోయింది.

ఉన్న ఒక్క పెద్దగదినీ రెండు చేసింది ఆ స్టాండే. డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించుకునే రకం. పైన నాలుగు అరలు, కింద నాలుగు. వెనక చెక్క లేదు గనక ఇటు నుంచి అటు కనిపిస్తుంది. అవతల కిటికీ, పిల్ల మంచం, పుస్తకాలు. ఇవతల వీధి తలుపు, కుట్టు మిషను, కొలతలకొచ్చే ఆడవాళ్లు. టైలరమ్మ ఈ ఇంటికి కోడలై ఎనిమిది నెలలైంది. భర్త మొదటి భార్య బిడ్డకి పదమూడేళ్లు. వీధి వీధంతా "టైలరమ్మా" అని నోరారా పిలుస్తుంది గానీ ఈ పిల్ల మాత్రం ఆమెని ఏమనీ పిలవదు. అయినా అరల్లోంచి "తిన్నావా?" అంటే "ఊఁ" అనేది. "లెక్కలు అయ్యాయా?" అంటే "ఆఁ" అనేది. ఆ ఊఁ, ఆఁల మీదే టైలరమ్మ రోజులు వెళ్లదీస్తోంది. ఇప్పుడు వాటికీ తలుపులట!

తప్పు తనదేనని ఆమెకి తెలుసు. నిన్న గౌనుకి కొలతలివ్వడానికి వచ్చినావిడ ఊరుకోక, అరలోకి తల దూర్చి మరీ చూసింది. "ఎవరీ పిల్ల? నీ సొంత కూతురా, ఆయన కూతురా?" అని అడిగింది.

"నా పిల్లే," అనేసింది టైలరమ్మ, పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకునే.

అవతల పేజీలు తిరిగే చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత పిల్ల ఊఁ కూడా అనలేదు. అడక్కుండా తల్లినైపోతానంటే ఏ పిల్లకి ఒళ్లు మండదు?

సాయంత్రం భర్త బజారు నుంచి ఉత్తచేతులతో వచ్చాడు. "ఈ కొలతకి రెడీమేడ్ తలుపులు లేవట. పరదా కట్టేద్దాం."

"పరదా వద్దు. తలుపులే," అంది పిల్ల.

"నేను చేయిస్తాగా!" అంది టైలరమ్మ. "రెడీమేడ్ ఎవరికి సరిగ్గా పట్టింది గనక? కొలిచి చేయించిందే నప్పుతుంది."

భర్త ఆమెని వంటగదిలోకి లాక్కెళ్లి గొంతు తగ్గించాడు. "నీ మొహం మీద తలుపేసుకోడానికే అడుగుతోంది. తెలుస్తోందా?"

"తెలుసు. నేనొచ్చాక పిల్ల నోరు తెరిచి ఏదైనా కావాలనడం ఇదే మొదటిసారి. కాదంటానా?"

టేపు తీసి అరలన్నీ తనే కొలిచింది. కొలతలు రాసిన కాగితాన్ని ప్లైవుడ్ కొట్టుకి పంపింది. మర్నాటికి ముక్కలొచ్చాయి. ఒక్కటి అరలో దూరితే ఒట్టు! అన్ని పక్కలా అరంగుళం ఎక్కువ.

"ఇంత పెద్దవేంటి?" అంది పిల్ల.

టైలరమ్మ నాలిక కరుచుకుంది. "కుట్టుకి వదిలాను."

"చెక్కకి కుట్టా?"

"ఇరవై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే వదిలేసింది."

పిల్ల కిసుక్కున నవ్వింది. వెంటనే మూతి బిగించుకుంది. కానీ నాలుగు ముక్కలు తనే చంకన పెట్టుకుని కొట్టుకి బయల్దేరింది. మిగతా నాలుగూ టైలరమ్మ మోసింది.

అంచులు కోసి, పిడులకి బెజ్జాలు వేస్తూ కొట్టాయన అడిగాడు. "పిడులు ఎటువైపమ్మా? తలుపన్నాక, పిడి ఎవరి వైపుంటే తెరిచే పెత్తనం వాళ్లది."

"అమ్మాయి వైపే," అంది టైలరమ్మ, పిల్ల నోరు విప్పేలోపే. ఎలాగూ వినక తప్పని మాట తన నోటితోనే అనేస్తే నొప్పి కాస్త తక్కువని.

పిల్ల ఆమె వంక అదోలా చూసింది. "తలుపులు నేనే బిగించుకుంటా," అంది.

ఇంటికొచ్చాక అరలోంచి చెయ్యి చాపింది. "పిడులకి మీ డబ్బాలో పెద్ద గుండీలున్నాయిగా, కోటువి. అవివ్వండి."

టైలరమ్మ మురిపెంగా దాచుకున్న చెక్క గుండీలవి. ఎనిమిదీ ఏరి, సూదీ లావు దారంతో సహా ఆ చేతిలో పోసింది. ఇక ఈ అరలోంచి ఆ చెయ్యి ఇటు రాదు కాబోలు అనుకుంది. "గుండీ కింద దారం నాలుగు చుట్లు చుట్టు. అప్పుడే వేళ్లు పడతాయి."

"తెలుసు. అయ్యేదాకా మీరు బయట ఉండండి."

టైలరమ్మ కుట్టిన బట్టలు ఇళ్లకిచ్చే నెపంతో వీధులన్నీ తిరిగింది. ఎక్కడా కూర్చోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం గడపలో అడుగు పెట్టగానే తెలిసిపోయింది. కిటికీ వెలుతురు ఇటు రావడం లేదు. అన్నీ మూసుకుపోయాయన్నమాట. తలెత్తితే కన్నీళ్లు ఆగవని, అటు చూడకుండానే వెళ్లి స్టాండుకి వీపు పెట్టి మిషను ముందు కూలబడింది.

పోనీలే. అరంగుళం పుణ్యమా అని ఒకసారి నవ్వింది కదా. నవ్వడం తెలిసిన పిల్ల మళ్లీ ఎప్పుడో నవ్వకపోదు. అలా మనసుకి నచ్చజెప్పుకుంటూ సూదిలో దారం ఎక్కించబోయింది. మసకలో కన్నం కనిపించలేదు.

వెనక చెక్క మీద టకటకా కొట్టిన చప్పుడు.

"తొంగిచూసేవాళ్లు ఎవరూ లేనప్పుడు కూడా చీకట్లోనే కూర్చుంటారా?" అంది పిల్ల అవతల నుంచి.

టైలరమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది.

ఎనిమిది గుండీలూ ఆమె వైపే ఉన్నాయి.